కిడ్నీ రాని కృతజ్ఞతా కూడిక

1998లో విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, డయాలిసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుగా ఉండేదాన్ని. నాలుగు మిషన్లుండేవి, నడిచేవి మూడు. కిడ్నీలు చెడినవాళ్ల రక్తాన్ని వారానికి రెండుసార్లు మిషన్‌లో శుభ్రం చేసి తిరిగి ఒంట్లోకి పంపడం మా పని. నేను ఆ విభాగాన్ని ఏరి కోరి తీసుకోవడానికి కారణముంది. అంతకు ఐదేళ్ల ముందు మా తమ్ముడు అదే జబ్బుతో పోయాడు. ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాల్లో రోజూ ఒంటిపూట తిని వాడి కోసం ప్రార్థించాను. అవి ముగియకుండానే, ఈస్టరుకు వారం ముందు మట్టల ఆదివారం నాడు వాణ్ణి సమాధి చేశాం. ఆ తర్వాత చర్చికి వెళ్లడం మానలేదు. దేవుడితో మాట్లాడటం మానేశాను.

అప్పుడొచ్చింది రూతమ్మ టీచరు. హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెలో బడి పంతులమ్మ, నా ఈడుదే. ఆమె ఎడమ చేతికి ఫిస్టులా ఉండేది. అంటే సూదులు గుచ్చడానికి వీలుగా ధమనినీ సిరనూ కలిపి కుట్టడం. అది బాగుంటే పైన వేలు పెట్టగానే జివ్వుమంటుంది. దాన్ని మేము థ్రిల్ అంటాం. అది ఆగిందా, మిషన్‌కు దారి మూసుకుపోయినట్టే.

రెండు లావుపాటి సూదులు దించుతున్నా ఆమె మొహం చిట్లించేది కాదు. పైగా నన్నే అడిగేది, భోజనం చేశారా సిస్టరుగారూ అని. నాకు ఒళ్లు మండేది. మూడేళ్లుగా స్వస్థత కోసం ప్రార్థిస్తోంది, జబ్బు ముదురుతోందే కాని తగ్గింది లేదు. నాకూ జవాబు రాలేదు, ఈవిడకూ రాలేదు. మరి ఈ నిబ్బరం ఈవిడకెందుకిచ్చాడు, నాకెందుకివ్వలేదు? చీరలు చూసి కుళ్లుకునేవాళ్లను ఎరుగుదును. పేషెంటు నిబ్బరం చూసి కుళ్లుకున్న నర్సును నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆమెకు కిడ్నీ ఇస్తానని అన్నగారు ముందుకొచ్చాడు. బ్లడ్ గ్రూపు కలిసింది. మిగిలింది క్రాస్‌మ్యాచ్. ఇచ్చేవాళ్ల కణాల మీద పుచ్చుకునేవాళ్ల రక్తం తిరగబడుతుందేమో చూసే పరీక్ష అది. రిపోర్టు మద్రాసు నుంచి రావాలి. వాళ్ల పాస్టరుగారు అంతవరకు ఆగలేదు. విశ్వాసమున్నవాళ్లు ముందే స్తుతించాలని ఆదివారం సాయంత్రానికి కృతజ్ఞతా కూడిక పెట్టించేశారు. ఊరంతటికీ భోజనాలు. నాకూ పిలుపొచ్చింది.

శనివారం రిపోర్టు వచ్చింది. రక్తం తిరగబడింది. ఆ కిడ్నీ పనికిరాదు. సోమవారం డయాలిసిస్‌కు వస్తుందిగా, అప్పుడు చెబుదామన్నారు డాక్టరుగారు. నేనే వెళ్లి చెబుతానన్నాను. అంతమంది ముందు దేవుణ్ణి పొగిడాక తెలిస్తే మరీ కుంగిపోతుందని వాదించి ఒప్పించాను. అదంతా పైకి. ఆ మొహం ఒక్కసారి నా మొహంలా వాడిపోతే చూడాలనుకున్నాను.

ఆదివారం నేను వెళ్లేసరికి పందిట్లో జంపఖానాలు పరుస్తున్నారు. పెరట్లోకి పిలిచి చెప్పాను. ఆమె నూతి గట్టు మీద కూలబడింది. పెదవులు వణికాయి. నేను చూడాలనుకున్నది చూశాను. ఏం సంతోషం కలగలేదు.

కాసేపటికి లేచి, కళ్లు తుడుచుకుని, లోపలికి నడవబోయింది.

"ఇంకా కూడిక దేనికండీ? ఆపించండి" అన్నాను.

"కిడ్నీ ఇస్తేనే స్తుతిస్తానని నేనెప్పుడూ అనలేదు సిస్టరుగారూ. ఆ బేరం పాస్టరుగారిది."

"మీకసలు దేవుడి మీద కోపం రాదా?"

"ఎందుకు రాదండీ? రోజూ పొద్దున్నే ఈ చేతి మీద వేళ్లు పెట్టుకుని, ఇది ఇంకా కొట్టుకుంటుందో లేదో చూసుకుంటా. అప్పుడు అడుగుతా, నాకే ఎందుకిట్టా చేశావని. గట్టిగానే అడుగుతా, మా ఇంట్లోవాళ్లకు మెలకువ వచ్చేస్తుంది. మీరడగరా?"

డాక్టర్లతో, కండక్టర్లతో, అత్తగారితో, ఊరందరితో పోట్లాడే నేను దేవుడితో మాత్రం ఐదేళ్లుగా ఒక్కసారీ పోట్లాడలేదు. ఆమె ఆ సాయంత్రం పందిట్లో నిలబడి కిడ్నీ కలవలేదని తనే చెప్పింది. ఒక పాట పాడింది, మధ్యలో ఆగితే జనం అందుకున్నారు. పులిహోర నేనూ వడ్డించాను.

ఆ తర్వాత రెండేళ్లకు పైగా మా మిషన్ మీదే బతికింది. ఒకరోజు పొద్దున వేళ్ల కింద జివ్వుమనడం ఆగిపోయిందని వచ్చింది. మెడ దగ్గర గొట్టం వేసి నెట్టుకొచ్చాం. దానికి ఇన్‌ఫెక్షన్ సోకి, మూడు వారాల్లో పోయింది.

నిబ్బరంగా ఉన్నవాళ్లకు దేవుడు చాటుగా ఏదో జవాబిచ్చి ఉంటాడని అంతవరకు కుళ్లుకున్నాను. ఆమెకూ ఏ జవాబూ లేదు. అడగడం మానలేదు, అంతే. ఈ కేసు నాకు నేర్పింది అదే.

ఆమెను సమాధి చేసి వచ్చిన ఆదివారం చర్చిలో మోకరించి, మా తమ్ముడు పోయిన తర్వాత మొదటిసారి ఆయనతో నోరు విప్పాను. తిట్లతోనే మొదలుపెట్టాను.