కేసు ప్రాపర్టీలో బాలమణి పాటలు

1995 వానాకాలంలో నన్ను శిక్షణ ఎస్సైగా చిక్కడపల్లి వైపు ఒక స్టేషన్‌కు పంపారు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కడినే. నాన్న పాలమూరు నుంచి వచ్చి రాంనగర్‌లో తాపీ పని చేసేవాడు. ఉత్తర్వు చేతికొచ్చిన రోజు బస్తీలో ప్రతి గడపకూ వెళ్లి చెప్పాను. కొందరికి రెండుసార్లు చెప్పానని తర్వాత అమ్మ నవ్వింది.

ఇన్‌స్పెక్టర్ గారు నాకప్పగించిన మొదటి ఫైలు నారాయణగూడలోని ఒక రికార్డింగ్ సెంటర్‌ది. ఈ తరం వాళ్లకు అదేమిటో చెప్పాలి. ఖాళీ క్యాసెట్, కావాల్సిన పాటల చీటీ ఇచ్చిపోతే, రెండు రోజుల్లో ఆ పాటలన్నీ ఎక్కించి ఇచ్చేవారు. దాన్ని దొంగతనమని ఎవరూ అనుకోలేదు. అప్పుడే కాపీరైట్ చట్టం బిగిసింది. ఎస్సై, ఆ పైహోదా అధికారులు వారంటు లేకుండానే కాపీలను స్వాధీనం చేసుకోవచ్చు. నేను చేరకముందే, ఒక క్యాసెట్ కంపెనీ ఫిర్యాదుపై దాడి జరిగింది. దుకాణంలోని క్యాసెట్లన్నీ గోనెసంచుల్లో స్టేషన్‌కు చేరాయి. యజమాని యాదగిరి బెయిలు మీద బయటికొచ్చాడు.

ఫైలు నా చేతికొచ్చిన తెల్లవారి నుంచే అతని గిరాకీలు మా దగ్గరికి రావడం మొదలైంది. అశోక్‌నగర్ నుంచి ఒక లెక్చరర్ గారు వచ్చారు.

“నా క్యాసెట్ల ఇంక పాటలే ఎక్కలేదు. ఖాళీ దానికి ఏం కేసు పెడ్తరు?”

“ఖాళీదో నిండుదో వినుకుంట కూసునేటందుకు టైం యాడుంది సార్,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్ మల్లయ్య.

పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాడొకడు వాదనకు దిగాడు. “ఒక్క పాట కోసం క్యాసెట్ మొత్తం కొనాల్నా అన్నా? నాకు కావాల్సింది ఒక్కటే గద.”

“ఆ ఒక్కటి కట్టినోణ్ణి అడిగినవా మరి?” అన్నాడు మల్లయ్య.

“ఆయన ఇల్లు యాడుందో నాకేం ఎర్క?”

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట మనసులో పడింది. గిరాకీలు తమ క్యాసెట్ల గురించి మాట్లాడారు, కంపెనీ ప్రతినిధి తమ నష్టం గురించి మాట్లాడాడు. పాట కట్టినవాళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం సున్నం అంటిన కొంగుతో బాలమణి వచ్చింది. భవన నిర్మాణంలో కూలి. ఆమెదీ పాలమూరే.

“సారూ, ఆ మూటల నా పాటలున్నయ్.”

“ఏ సినిమావి?”

“సినిమాయి కావు. నేను కట్టినయ్.”

స్లాబు వేసేటప్పుడు తట్టలందిస్తూ పాడే పాటలవి. తోటి ఆడవాళ్లతో కలిసి యాదగిరి దుకాణంలో పాడి రికార్డు చేయించింది. కోఠిలో కొత్త పాటల క్యాసెట్లు విడుదల చేసే వ్యాపారి ఒకాయన, బతుకమ్మకు ముందు శనివారంలోగా తెచ్చిస్తే వింటానన్నాడు. మళ్లీ పాడించుకోమని సలహా ఇచ్చాను.

“యాడికెల్లి సారూ? గుంపు మేస్త్రి ఎంబడి అందరు బొంబాయి వోయిన్రు. ఒక్కదాన్నే అంటే గొంతు కలుస్తదా?”

ఉన్నది ఆ ఒక్క కాపీయే, అదీ దుకాణంలోనే ఉండిపోయింది. ఇచ్చేసే అధికారం నాకు లేదు. స్వాధీనమైన వస్తువు కేసు ప్రాపర్టీ, అంటే కోర్టు అధీనంలో ఉంటుంది. అయితే స్వాధీనానికి అధికారమిచ్చిన సెక్షన్ కిందే, దానిపై హక్కున్నవాళ్లు గడువులోగా మేజిస్ట్రేట్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. ఉచిత న్యాయసహాయం వకీలుతో అర్జీ వేయించాను. మల్లయ్య, నేను క్యాసెట్లన్నీ వేసి విని ఆమెది వెతికి పట్టుకున్నాం.

కోర్టులో కంపెనీ వకీలు అభ్యంతరం చెప్పాడు. అవి ఆమె పాటలే అనడానికి రుజువేమిటని ప్రశ్నించాడు. మేజిస్ట్రేట్ గారు ఆమెను పాడమన్నారు. రెండు చరణాలు పాడింది. తర్వాత క్యాసెట్ వేశారు. వరుస అదే, మాటలు వేరు. క్యాసెట్‌లో గాంధీనగర్ మేస్త్రి మీద ఎగతాళి ఉంది. ఆమె పాడినదాంట్లో చాయ్ పోయని అశోక్‌నగర్ ఇంటామె ఉంది.

“ఇది వేరే పాట, నేను చెప్పింది అదే,” అన్నాడు వకీలు.

“మాటలు ఎందుకు మారాయమ్మా?” అని అడిగారు మేజిస్ట్రేట్ గారు.

“అది పోయినేడు గాంధీనగర్ల స్లాబు ఏసినప్పటిది సారూ. ఇప్పుడు అశోక్‌నగర్ల జేస్తున్న. యాడ పనుంటే ఆడి ముచ్చటొస్తది.”

“మరి ఇక్కడి ముచ్చట వస్తుందా?”

బాలమణి వకీలు వైపు ఒకసారి చూసింది. నల్లకోటాయనకు ఎండలేదు, వానలేదు, నా పాట మీదనే అనుమానమున్నదని అదే వరుసలో ఒక చరణం అందుకుంది. కోర్టు గుమాస్తా ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. మేజిస్ట్రేట్ గారు నవ్వలేదు. నకలు కొట్టేవారికి మాట మార్చే అవసరం ఉండదని, ఇలా మార్చగలుగుతోందంటే పాట కట్టింది ఆమేనని ఉత్తర్వులో రాయించి క్యాసెట్ ఇప్పించారు.

శనివారం ఆమె కోఠికి వెళ్లింది. వ్యాపారి రెండు పాటలు తీసుకున్నాడు. పండుగ ముందు క్యాసెట్ బజారులోకొచ్చింది. అట్ట మీద ఆమె పేరు లేదు, ‘జానపదం’ అని మాత్రం ఉంది. బాలమణి ఆ క్యాసెట్ పట్టుకుని మళ్లీ స్టేషన్‌కు వచ్చింది.

“కంపెనోళ్లు జెప్తె మూటలు గట్టుకొచ్చిన్రు గద. ఇప్పుడు నేను జెప్తున్న.”

నేను ఫిర్యాదు తీసుకుని, మేజిస్ట్రేట్ ఉత్తర్వు నకలు దానికి జతచేశాను. వ్యాపారిని పిలిపించి రెండూ చూపించాను. జరిమానా, జైలు ఎందుకొచ్చిన పరేషాన్ అంటూ మిగిలిన క్యాసెట్లకు అట్టలు మార్పించాడు. వాటి మీద ఆమె పేరు వచ్చింది. అప్పటికే అమ్ముడైనవి అలాగే ఉండిపోయాయి.

తర్వాత నా సర్వీసులో క్యాసెట్ల మీద, సీడీల మీద చాలా దాడులు చేశాను. ప్రతిసారీ పాటలు వినిపించే యంత్రం వెంట తీసుకెళ్లి, విన్న తర్వాతే సీలు వేశాను. కాపీరైట్ చట్టం కంపెనీల కోసమేనని జనం అనేవారు. అందులో కొంత నిజముంది. చట్టం ఎవరు ఫిర్యాదు తెస్తే వాళ్ల కోసం కదులుతుంది. పాట కట్టినవాళ్లు స్టేషన్ దాకా రావడం అరుదు. వచ్చినప్పుడు ఏ సినిమాది అని అడగకూడదని తెలిసింది.