రాజరత్నం బావ వైపర్ల జత

మా బావ రాజరత్నం ఒకసారి కారు వైపరుతో తుఫానును తుడిచి ఒడిశాలో పారేశాడు.

అంటే, మరీ పారేశాడని కాదు. తుఫాను తన దారిన తనే ఇచ్ఛాపురం దాటిపోయింది. నిజానికి అది తుఫాను కూడా కాదు, గట్టి వాన. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని మా కాన్వెంటు సిస్టర్లు చెప్పేవారు కాబట్టి ఇంతవరకు సరిదిద్దుకుంటున్నాను. వైపరు ఉన్నమాట, వాన కురిసినమాట, బావ నా ప్రాణం తోడేసినమాట మాత్రం ముమ్మాటికీ నిజం.

బావ అంటే మా చెల్లెలు మగ్దలీన భర్త. అక్కుపల్లి వెళ్లే దారిలో, కొబ్బరితోట పక్కన వాళ్ల ఇల్లు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు రకాలు ఏరించే పని చేసి రిటైరయ్యాడు. గుండు ఒక డబ్బాలోకి, బద్ద ఒక డబ్బాలోకి, ముక్క ఒక డబ్బాలోకి. గుండుల్లో మళ్లీ పెద్దవాటితో పెద్దవి, చిన్నవాటితో చిన్నవి. పెద్ద గుండుల డబ్బాలో ఒక్క చిన్న గుండు కనిపిస్తే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

రిటైరయ్యాక ఏరడానికి పప్పు లేక లోకాన్ని ఏరడం మొదలుపెట్టాడు. బెండకాయలన్నీ ఒకే పొడవు ఉండాలి. చర్చిలో జనాన్ని ఎత్తుల వారీగా కూర్చోబెట్టబోతే పాస్టరు గారు చేతులు పట్టుకుని బతిమాలుకున్నారు. ఆమాటకొస్తే పెళ్లిచూపుల నాడే మాకు తెలియాల్సింది. మా చెల్లెలి వైపు చూడకుండా ప్లేటులోని కజ్జికాయలను చిన్నవీ పెద్దవీ విడదీసి వరసలు పేర్చాడు. ఎంత ఓపిక ఉన్న కుర్రాడని మా నాన్న మురిసిపోయి పిల్లనిచ్చేశాడు. దాని ఫలితం నేటికీ నేను అనుభవిస్తున్నాను.

బావకు ఒక పాత తెల్ల కారు ఉంది. అదంటే ఆయనకు ప్రాణం. మగ్దలీనకు అది ప్రాణసంకటం. పోయిన వానాకాలం ఆ కారులో టెక్కలి వెళ్తుంటే, వైపర్లు అద్దాన్ని తుడవడం మానేసి నీళ్లను అటూ ఇటూ పూశాయి. మా చెల్లెలు కిటికీలోంచి తల బయటపెట్టి దారి చెప్పాల్సి వచ్చింది. ఆమె చెప్పిందే ఆలస్యమో, ఈయన విన్నదే ఆలస్యమో, కారు వెళ్లి రోడ్డు పక్కనున్న కొబ్బరిడొక్కల కుప్పలో కూర్చుంది.

ఈ ఏడు టెక్కలిలో స్త్రీల సహవాస కూడికకు ముఖ్య ప్రసంగం మగ్దలీనదే. వారం ముందే ఆమె తేల్చి చెప్పేసింది.

"సూడండి, ఈ పాలి వాన్లో నన్ను పొడి సీరతో టెక్కలి సేర్సితే బండి మీది. నేదంటే వైకుంఠరావుకి ఇచ్చీడమే."

వైకుంఠరావు పక్కింటి రైతు. ఆ కారు తీసుకుని వెనక సీటు పీకేసి కొబ్బరికాయలు వేద్దామని అతని ఆశ. రోజూ పొద్దున్నే వచ్చి డిక్కీ తెరిచి చూసి, "పట్టీతాయి మావా," అని నిట్టూర్చి వెళ్లిపోయేవాడు. బావ వెనకే వెళ్లి డిక్కీ మూసి, అతని వేలిముద్రలు తుడిచేవాడు.

అలా నన్ను వెంటేసుకుని వైపరు బ్లేళ్లు కొనడానికి కాశీబుగ్గ బయలుదేరాడు. చెప్పుల కొలతకు కాలు తీసుకెళ్లినట్టు పాత బ్లేళ్లు రెండూ పీకి సంచిలో వేశాడు. దుకాణం త్రినాథ్‌ది. మంచివాడు. ఆ రోజు వరకు నవ్వు ముఖం ఉండేది.

త్రినాథ్ కారు పేరు అడిగి ఒక పొడుగు బ్లేడు, ఒక పొట్టి బ్లేడు తెచ్చి బల్ల మీద పెట్టాడు. బావ ముఖం మాడిపోయింది.

"ఇదేటిరా?"

"జత మావా."

"ఒకటి పెద్దది, ఒకటి సిన్నది. దీన్ని జతంతారేటి?"

"డ్రైవరు ముందుది పొడుగు, ఇటుపక్క కూకున్నోళ్ల ముందుది పొట్టి. మీ బండికి కంపినీవోడే అలా పెట్టినాడు మావా. నువ్వు తెచ్చినవి సూడు, అవీ అంతే కదేటి."

బావ సంచిలోంచి పాతవి తీసి పక్కపక్కన పెట్టి చూశాడు. నిజంగానే ఒకటి పొట్టిది. ఆయన జాలిగా నా వైపు తిరిగాడు.

"సూసినావా బావా? ఇటుపక్కది అరిగిపోనాది. అందుకే తుడవడం మానీసినాది."

రబ్బరు అరుగుతుంది గానీ రేకుతో సహా జానెడు పొడవు అరగదని నేనూ త్రినాథూ వంతులవారీగా చెప్పాం. త్రినాథ్ కంపెనీ అట్టపెట్టె మీద బొమ్మ చూపించాడు. బావ దాన్ని చూడనైనా చూడలేదు. పెద్ద బ్లేడు ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు. వెలుగుకు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. మేం ఆపేలోగా రబ్బరును పంటికింద పెట్టి కొరికాడు.

"ఓలమ్మో! మావా, అది తినేది కాదు!" త్రినాథ్ బల్ల దూకినంత పని చేశాడు.

"తినడానికి ఎవుడు కొరికినాడురా? పచ్చిగుందో, ఆరిందో తెలవద్దా?"

అలా దుకాణంలో ఉన్న బ్లేళ్లన్నిటికీ మా బావ పంటిగాట్లు పడ్డాయి. అన్నిటికీ అంటే, సగం వాటికి. చివరికి రంగూ వాసనా గట్టిదనమూ అన్నీ కుదిరిన రెండు బ్లేళ్లు ఏరాడు. రెండూ పొడుగువే. వెంట్రుకవాసి తేడా లేదు. ఆయన ముఖంలో ఆ కళ నేను ఆయన పెళ్లిలో కూడా చూడలేదు.

"రెండూ పొడుగువెడితే ఒకదాన్నొకటి గుద్దుకుంతాయి మావా," అన్నాడు త్రినాథ్, ఏడుపు గొంతుతో. "పోనీ బిగించీసి, మగ్గుడు నీళ్లు పోసి ఆడించి సూత్తాను, ఆగు."

"నీళ్లా?" బావ బ్లేళ్లను గుండెలకు హత్తుకున్నాడు. "కొత్త సరుకు తడిపీత్తావేట్రా? తడిసిన సరుకు ఎందుకైనా పనికొత్తాదా?"

వైపరు పుట్టిందే తడవడానికి అని ఆయనకు చెప్పడం నావల్ల కాలేదు. ముప్పై ఏళ్లు జీడిపప్పు డబ్బాల మీద వానచినుకు పడకుండా చూసుకున్న మనిషి. ఇంటికొచ్చి బ్లేళ్లు బిగించి, వాటికి పాలిథిన్ సంచులు తొడిగి, దారంతో కట్టాడు. కూడిక రోజు వరకు రోజూ వేలితో తడిమి, పొడిగా ఉన్నాయని తృప్తిపడేవాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఆకాశం నల్లగా ఉంది. మగ్దలీన తెల్లచీర కట్టుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక. గేటు దగ్గర వైకుంఠరావు డిక్కీ కొలవడానికి టేపు పట్టుకుని నిలబడ్డాడు. బావ సంచులు విప్పి, దేవుడి పేరు తలచుకుని కారు తీశాడు.

మగ్దలీన పక్కన కూర్చుంటే కారును ఇద్దరు నడుపుతున్నట్టే. "గేదె! గేదె! ... లారీ! ... ఇటు కాదండీ, అటు! ... బ్రేకెయ్యండి, అమ్మా, ముసిలోడు!" ఆ ముసలివాడు ఎక్కడో పొలంలో ఉంటాడు. బావ ప్రతి కేకకూ ఉలిక్కిపడి స్టీరింగు తిప్పుతాడు. నేను వెనక సీట్లో ఈ తలుపు నుంచి ఆ తలుపుకు దొర్లుతుంటాను.

పలాస దాటి హైవే ఎక్కగానే వాన దిగింది. బావ గర్వంగా మీట నొక్కాడు. వైపర్లు లేచాయి, పొట్టేళ్లలా ఢీకొన్నాయి. మళ్లీ లేచాయి, మళ్లీ ఢీకొన్నాయి. మూడోసారి ఇటుపక్కది అటుపక్కదాని మీదికి ఎక్కి కూర్చుంది. ఇక రెండూ కదల్లేదు. అద్దం మీద నీళ్లు తప్ప లోకంలో ఏమీ మిగల్లేదు.

మూసి ఉన్న ఒక టీ బడ్డీ ముందు కారు ఆపి బావ, నేను దిగాం.

"ఇటుపక్కది పీకీ బావా," అన్నాను నేను తడుస్తూ.

"జత ఇరుగుతాది."

"నీ జత మండా, పీకుతావా, పీకవా?"

"అంత బాగా కుదిరిన జత బావా, నాకు సెయ్యి రాదు."

కిటికీ కొంచెం దిగింది. లోపలినుంచి మగ్దలీన గొంతు చాలా ప్రశాంతంగా వినిపించింది. "అన్నయ్యా, వైకుంఠరావు నంబరు నీ కాడుందేటి?"

బావకు వెంటనే చెయ్యి వచ్చింది. ఇటుపక్క బ్లేడు పీకి చొక్కాలోపల పెట్టుకున్నాడు. బ్లేడు లేని ఉత్త కాడ అద్దాన్ని గీరకుండా నా తువ్వాలు తీసుకుని దానికి చుట్టేశాడు. కారు కదిలింది. బావ ముందు అద్దం అద్దంలా మెరిసింది. మగ్దలీన ముందు మాత్రం లారీలు ఎగజిమ్మిన బురదను నా తువ్వాలు పేడతో అలికినట్టు చక్కగా అలికింది.

ఇక కేకలు మొదలవుతాయని నేను సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. కేకలేమీ రాలేదు. గేదెలు దాటాయి, లారీలు దాటాయి, ముసలివాళ్లు కూడా దాటే ఉంటారు. మగ్దలీనకు ఏమీ కనిపించలేదు. ఆమె కాసేపు బైబిలు తిరగేసింది, కాసేపు కీర్తన కూనిరాగం తీసింది, తర్వాత చిన్నగా గురక పెట్టింది. కేకలు లేకపోయేసరికి బావ జీవితంలో మొదటిసారి కారును తిన్నగా నడిపాడు. టెక్కలి చర్చి ముందు ఆమె పొడి చీరతో దిగింది. ప్రసంగం బ్రహ్మాండంగా చెప్పింది.

తిరిగొచ్చేసరికి వైకుంఠరావు గేటు దగ్గరే ఉన్నాడు.

"బండి ఇవ్వంరా అబ్బాయి," అంది మగ్దలీన దిగుతూ. "ఇన్నేళ్లకి అందులో పేనం కుదుటపడి కూకున్నాను. ఏటండీ, ఇటుపక్క ఏటీ పెట్టించకండి. అలాగే ఉండనీండి."

వైకుంఠరావు టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. బావ మాత్రం చొక్కాలోంచి ఆ బ్లేడు తీసి తుడిచి, ఆరబెట్టాడు.

ఇదంతా రాసి నిన్న సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చుని బావకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"అంతా అబద్దం బావా," అన్నాడు. "ఆ దినం వానే పడ్నేదు. త్రినాథ్ అన్నవోడు ఎవుడో నాకు తెల్దు. రబ్బరు నానెప్పుడూ కొరకనేదు. అసలు టెక్కలికి మేం బస్సులో ఎల్లినాం."