నిన్నటి అన్నం

ఆ పిల్ల పళ్లెం ఆ రోజు కూడా నిండుగానే తిరిగొచ్చింది. నాలుగు ఇడ్లీల్లో ఒకదానికి మాత్రం ఓ మూల చిటికెడు తుంచిన గుర్తుంది. పప్పుల చట్నీ మీద అప్పుడే పొర కట్టింది. పళ్లెం తొట్టి దగ్గర పెట్టి, గ్లాసుడు నీళ్లు గటగటా తాగి, రబ్బరు బూట్లు తొడుక్కోవడానికి వంగిన ఆ పిల్ల వీపు మీద ఎముకలు చొక్కాలోంచి తేలి కనిపించాయి.

"ఏందిమే, ఉప్పు చాల్లేదా?" అని అడిగింది మగ్దలీనమ్మ.

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"కారం జాస్తైందా?"

మళ్లీ అడ్డంగానే.

"మరేంది నీ బాధ? వచ్చిన కాడ్నించీ ఐదు రోజులుగా చూస్తుండా. మొన్న సోమారం షెడ్డులో పడినావు. ఇంకోసారి పడితే హాస్టలు చూసే మావోడు నిన్ను రైలెక్కిస్తాడు, తెలుసా?"

ఆ పిల్లకు తెలుగు రాదు. కానీ రైలన్న మాట అర్థమైంది. బూటు సగం తొడుక్కున్న కాలితో అలాగే నిలబడిపోయి మగ్దలీనమ్మ వైపు చూసింది. తర్వాత బూటు పూర్తిగా తొడుక్కుని వెళ్లిపోయింది.

పిల్ల పేరు ఝునూ. పందొమ్మిదేళ్లు. ఒడిశాలో కేంద్రాపడ వైపు పల్లె. నెల్లూరు దగ్గర మైపాడు రోడ్డు మీద ఉన్న ఆ రొయ్యల ఫ్యాక్టరీలో ఆమెలాంటి ఆడపిల్లలు ఎనభై మంది దాకా ఉన్నారు. ఐసు నీళ్లలో చేతులు పెట్టి ఎనిమిది గంటలు నిలబడి రొయ్యలు ఒలవడం వాళ్ల పని. వెనకే హాస్టలు, హాస్టలు పక్కన మెస్సు. ఆ మెస్సు పదకొండేళ్లుగా మగ్దలీనమ్మది. జీతానికి వండేదే అయినా, అందరూ మగ్దలీనమ్మ మెస్సు అనే అనేవాళ్లు.

వేకువ మూడున్నరకల్లా ఇడ్లీ గుడ్డలు తడిపి పిండేది. ఐదింటికి మొదటి వాయి దిగాలి. ఆవిరి పొగలు కక్కుతుండగానే పళ్లేల్లో పడాలి. ఆ ఒక్క విషయంలో ఆమెకు పట్టుదల. "పొద్దున్నే మనిషి కడుపులోకి వేడిగా పోవాల. చల్లటి తిండి పెట్టే చెయ్యి చెయ్యే కాదు" అనేది. లోడింగు చేసే బీహారు వాళ్లు రొట్టె, బంగాళాదుంప కూర కావాలని పోరితే వారానికి రెండు రోజులు ఒప్పుకుంది. ఐసు లారీ తోలుకొచ్చే చెన్నై డ్రైవరు పొంగలి ఏదని గొణిగితే, నీ ఊరెళ్లి మీ అమ్మనడుగు పో అని నవ్వుతూ తిట్టి, మర్నాడు ఓ గిన్నెడు చేసి పెట్టింది. ఎవరి నోరు ఎలా అలవాటు పడిందో అలా పెట్టడం ఆమెకు చేతకానిది కాదు. కాకపోతే అది వేడిగా ఉండాలి. ఆ పొద్దున వండిందై ఉండాలి.

మెస్సు గోడ మీద పెయింటుతో రాసిన బోర్డొకటి ఉంది. 'నిన్న వండినది నేడు వడ్డించబడదు.' కింద అదే మాట హిందీలో. అంతకుముందు మెస్సు నడిపినాయన రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున తాలింపు పెట్టి వడ్డించేవాడు. ఆ బోర్డు పెట్టిస్తేనే చేరతానని మగ్దలీనమ్మ మొదటిరోజే పట్టుబట్టి మరీ చేరింది.

ఆ సాయంత్రం కొట్టుగదిలో పప్పు డబ్బా తీసుకోవడానికి వెళ్లినప్పుడు, గిన్నెల వెనక ఎవరో కూర్చున్నట్టు అనిపించి చూసింది. ఝునూ. ఒళ్లో ఓ అల్యూమినియం గిన్నె. మధ్యాహ్నం మిగిలిన అన్నం అందులో వేసుకుని, నీళ్లు నిండుగా పోసి, పైన పళ్లెం మూత పెడుతోంది. మర్నాటి పొద్దుటికి దాచుకోవడానికి.

మగ్దలీనమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఏమే! నేను పెట్టేది నోటికి పోదు గానీ, పాసిన కూడు దొంగతనంగా తింటావా? నా మెస్సులో సద్ది తినే గతి ఎవురికి పట్టింది? రేపు ఎవురన్నా చూస్తే నన్నేమంటారు, ఆ?"

గిన్నె లాక్కుని, పెరట్లో గేదెల కుడితి బకెట్లో గుమ్మరించేసింది. ఝునూ అడ్డు రాలేదు. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని, బకెట్టులో తేలే మెతుకుల్ని చూస్తూ ఏడ్చింది. పెద్దగా కాదు. మగ్దలీనమ్మకు ఆ ఏడుపు చూసి ఇంకా కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు, గురువారం, పదిన్నరప్పుడు షెడ్డులో ఈల మోగింది. ఎవరైనా పడిపోతే మోగించే ఈల అది. ఝునూ ఒలుపు బల్ల అంచు పట్టుకుని జారిపోయిందట. గడ్డం కింద చీరుకుంది. రెండు కుట్లు పడ్డాయి.

హాస్టలు చూసుకునే గిద్యోను మధ్యాహ్నం మెస్సుకొచ్చాడు. వాడిది మగ్దలీనమ్మ వెళ్లే చర్చే. చిన్నప్పటి నుంచి అత్తా అనే పిలుస్తాడు.

"అత్తా, ఆదివారం నెల్లూరులో హౌరా బండెక్కిస్తుండా ఆ పిల్లని. నేనేం చేసేది చెప్పు? డాక్టరు ఏ రోగమూ లేదంటాడు. ఒట్టి నీరసమంట. తిండి తినని మనిషిని షెడ్డులో నిలబెడితే నా మెడకి చుట్టుకుంటుంది."

"రెండు రోజులు చూడబయా."

"చూస్తా. రేపు, ఎల్లుండి. రెండు షిఫ్టులూ పడకుండా నిలబడితే సరే. లేదంటే టిక్కెట్టే."

ఆ సాయంత్రం సబిత వచ్చింది. ఝునూ ఊరిదే. మూడేళ్లుగా ఇక్కడుండి నెల్లూరు యాస వంటబట్టించుకుంది. మగ్దలీనమ్మను మావుసీ అని పిలిచేది. వాళ్ల భాషలో పిన్ని అని.

"మావుసీ, దాన్ని పంపించమాకండి. వాళ్లమ్మ పోయిన వానల్లో చచ్చిపోయింది. మేనమామింట్లో ఉండింది. ఆ మామ పెద్దకొడుకు మంచోడు కాదు. ఇది తలుపు గొళ్లెం పెట్టుకుని పడుకునేది. అందుకే నేను తోలుకొచ్చినా. మళ్లీ ఆడికే పోవాల ఇప్పుడు."

"పోకుండా ఉండాలంటే తినాల గదమ్మా! నా ఇడ్లీలు విషమా?"

"విషం కాదు మావుసీ. పొద్దున్నే వేడిది, మెత్తంది గొంతులోకి దిగదు దానికి. వాంతికొస్తాదంట. మా ఊర్లో పొద్దున పఖాళ తింటాం. రాత్రన్నంలో నీళ్లు పోసి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టుకుని. వాళ్లమ్మ చేసేది. మీరు నిన్న బకెట్లో పోసింది అదే."

"అది సద్ది."

"సద్దే. మేం దేవుడిక్కూడా పెడతాం."

మగ్దలీనమ్మ నోరు తెరిచి చూసింది. "దేవుడికా? సద్దా? మీ దేవుడేమన్నా ఎవురింట్లోనన్నా కూలికి పోతాడామే?"

సబిత పకపకా నవ్వింది. "పూరీలో జగన్నాథుడికి, మావుసీ! వేసవికాలం మంత్రులూ, ఆఫీసర్లూ అందరూ తింటారు. దానికి పండగ కూడా ఉండాది. అదట్టా పెట్టండి, మీ ఇంట్లో నిన్నటి చేపల పులుసు ఈరోజే బాగుంటాదని ప్రతి సోమారం చెప్తారు మీరు. నిన్నటి పులుసు గొప్పదైతే నిన్నటి అన్నం ఏం పాపం చేసింది?"

మగ్దలీనమ్మ పొయ్యి వైపు తిరిగింది. "పో, పనుంది నాకు" అంది.

సబిత వెళ్లాక మగ్దలీనమ్మ పొయ్యి ముందు కూర్చుంది.

సంగం దగ్గర పల్లెలో, ఏటికి అవతల, ఆమెకు ఏడేళ్లున్నప్పుడు, వాళ్లమ్మ సామ్రాజ్యం, ఊరి ఆసామి మాలకొండమ్మ గారి పొలంలో నాట్లకు వెళ్లేది. పొద్దున్నే ఆ ఇంటి పెరటి గోడ దగ్గర సత్తు గిన్నెలు పట్టుకుని తల్లీ కూతుళ్లు నిలబడేవాళ్లు. మాలకొండమ్మ గారు గోడకు అవతలి నుంచి, గిన్నెకు గిన్నె తగలకుండా, ఎత్తు నుంచి చద్దన్నం పోసేది. చేతి మీద నీళ్లు చిందేవి. లోపల పెనం మీద దోశ చుయ్యిమనేది. ఆ ఇంటి పిల్లలకి. ఒకరోజు ఆ దోశ ఎలా ఉంటుందో చూద్దామని మగ్దలీన గోడ మీద చెయ్యి పెట్టి మునివేళ్ల మీద లేచింది. మాలకొండమ్మ గారు ఆమె చెయ్యి తీసేదాకా ఆగి, చెయ్యి పెట్టిన చోట చెంబుడు నీళ్లు పోసి కడిగింది. కోపంగా కాదు. రోజూ ముగ్గు వేసే ముందు వాకిలి కడిగినట్టు.

తర్వాత యాభై ఏళ్లలో మగ్దలీనమ్మ చద్దన్నం ముట్టలేదు. కన్నబిడ్డలకు పెట్టలేదు. మొగుడు చనిపోయిన నెలలో, ఇంట్లో ఏమీ లేని రోజున కూడా గంజి కాచింది గానీ రాత్రన్నం తీయలేదు.

ఇదంతా ఆమె చాలామందికి చెప్పింది. చెప్పనిది ఒక్కటుంది. గట్టు మీద కూర్చుని, అమ్మ పిసికి పెట్టిన ఆ పుల్లటి అన్నం, మామిడికాయ బద్ద నంజుకుంటూ తింటుంటే, దాని రుచి ఆమెకు ప్రాణంలా ఉండేది. మళ్లీ రేపు పొద్దున ఎప్పుడవుతుందా అనిపించేది. ఆ గోడ దగ్గర జరిగినదానికన్నా, అది జరిగాక కూడా ఆ అన్నం రుచిగా ఉండటమే ఆమెను ఎక్కువ కాల్చింది.

రాత్రి ఏడింటికి లేచి, మిగిలిన అన్నం కుండలో వేసి నీళ్లు పోసింది.

శుక్రవారం ఐదింటికి గిద్యోను వాసన పట్టినట్టు వచ్చి కుండ మూత తీశాడు.

"ఏందత్తా ఇది? ఆ బోర్డు పెట్టించింది నువ్వే గదా?"

"ఆ పిల్లకి. అదే దాని తిండంట."

వాడు కాసేపు తల గోక్కున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. "వచ్చే వారం తనిఖీకి వస్తుండారు. మెస్సులో పాత అన్నం అని ఎవురన్నా ఫొటో తీస్తే నీ ఉద్యోగం పోద్ది, నాదీ పోద్ది. ఒక పని చెయ్. పెరట్లోకి తీసకపోయి పెట్టు. గోడ వెనకాల. ఎవురికీ కనపడకుండా తిని పోతుంది."

మగ్దలీనమ్మ వాడి ముఖం వైపు చూసింది. వాడన్న మాటలో తప్పేమీ లేదు. అయినా ఆమె వాడి చేతిలో మూత లాక్కుని కుండ మీద పెట్టింది.

"పెరట్లో పెట్టను" అంది.

"అత్తా..."

"పెట్టను గిద్యోనూ. ఇడ్లీ గుండిగ నువ్వు దించు."

రెండు పళ్లేలు తీసుకుంది. కుండ చంకన పెట్టుకుని మెస్సులో మొదటి బల్ల దగ్గరికెళ్లింది. ఝునూను చెయ్యి పట్టుకుని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. కాస్త మజ్జిగ పోసి, ఉప్పేసి, ఉల్లిపాయ చేత్తో చితక్కొట్టి, రెండు పళ్లేల్లోనూ పెట్టింది. చుట్టూ ఇడ్లీలు తింటున్న ఆడపిల్లలందరూ ఆపి చూస్తున్నారు. వెనక బల్ల మీది లోడింగు వాళ్లూ చూస్తున్నారు.

గిద్యోను గబగబా వచ్చాడు. గొంతు తగ్గించి, "సద్ది వడ్డించకూడదని బోర్డు మీద ఉండాది అత్తా" అన్నాడు.

"నేనెవురికీ వడ్డించలా. ఇది నా తిండి. ఆ పిల్ల నా పక్కన కూర్చున్నది, అంతే."

"నీ తిండా? నువ్వు సద్ది తినంగా నేనెప్పుడూ చూడలా."

"నువ్వు పుట్టకముందు తిన్నా. మా అమ్మ తినింది. మీ నాయనమ్మ కూడా మనూళ్లో ఆ గోడ కాడ నా పక్కనే గిన్నె పట్టుకుని నిలబడింది, పోయి మీ నాయన్ని అడుగు."

గిద్యోను లోడింగు వాళ్ల వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూసి, వెళ్లి ఇడ్లీ గుండిగ దించాడు.

ఝునూ పళ్లెం మీదికి వంగి తినడం మొదలుపెట్టింది. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు. నీళ్లతో సహా పళ్లెం ఎత్తి తాగేసింది. గడ్డం కింద కట్టు తడిసింది. మగ్దలీనమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అదే పులుపు. యాభై ఏళ్లలో ఇసుమంత మారలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఝునూ భయంగా చూసి, వచ్చిన రెండు తెలుగు ముక్కల్లో అడిగింది. "మావుసీ... బాగా లేదు?"

మగ్దలీనమ్మ ముద్ద మింగింది.

"బాగుందిమే" అంది. ఎవరికీ చెప్పని మాట అలా బయటికొచ్చింది. "బాగుంది. ఎప్పుడూ బాగానే ఉండేది."

ఆ రోజంతా ఆమె వంటింటి తలుపు దగ్గరే తిరిగింది. చెవులు షెడ్డు వైపే. పదిన్నరకు కూర మాడబెట్టింది. ఈల మోగలేదు. శనివారమూ మోగలేదు. గిద్యోను టిక్కెట్టు మాటెత్తలేదు. బోర్డు తీయమని గానీ, ఉంచమని గానీ కూడా అనలేదు. మగ్దలీనమ్మ బతికున్నన్నాళ్లూ అది ఆ గోడ మీద అలాగే ఉంది. దాని కిందే మొదటి బల్ల మీద రోజూ ఆమె తిండి ఆమె తిన్నది, పక్కన ముగ్గురో నలుగురో పిల్లలతో.

కానీ దానితో ఆమె మనసు కుదుటపడిందని చెప్పడం అబద్ధమవుతుంది. ఆదివారం పొద్దున, చర్చికి వెళ్లేముందు, మగ్దలీనమ్మ ఝునూ పళ్లెంలో అన్నం పోస్తూ ఏదో ఆలోచిస్తోంది. నీళ్ల చప్పుడు వేరేగా వినిపించి కిందికి చూసింది. తన చెయ్యి చాలా ఎత్తులో ఉంది. చద్దన్నం నీళ్లు సన్నటి ధారగా పడుతున్నాయి. పిల్ల చేతి మీద చిందుతున్నాయి. పిల్ల పట్టించుకోకుండా పళ్లెం చాపి నవ్వుతోంది.

మగ్దలీనమ్మ గరిటెను కిందికి, ఇంకా కిందికి దించుతూ, పళ్లేనికి టంగుమని తగిలేదాకా ఆపలేదు.