ఊడని మోటారుతో బోధన్ దాకా

నందిపేట్‌లో ఉదయం ఏడింటి బస్సెక్కాం: నేను, మా బావ, గోనెసంచిలో చుట్టిన పడవ మోటారు. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, నువ్వూ రమ్మని అక్కను పిలిచాను. "గా మోటరు ఊడితే ఫోన్ చెయ్యుండ్రి. ఊడకుంటే చెయ్యకుండ్రి" అని ఇంట్లోనే ఉండిపోయింది. మోటారుకు మాత్రం లగేజీ టికెట్ కొట్టారు.

బావ గోదావరి బ్యాక్‌వాటర్‌లో చేపలు పడతాడు. మోటారు ఆగిపోయింది. విప్పి బాగుచేద్దామంటే, బోల్టులన్నీ తీశాక కూడా పైనున్న ఇంజను నీళ్లలో మునిగే కింది కాలును వదల్లేదు. వేలెడు లేచి ఆగింది. రెంటినీ కలిపే ఇరుసు లోపల తుప్పుతో అతుక్కుపోయింది. అది ఊడకపోతే పడవ లేదు, పడవ లేకపోతే దుబాయ్. పాస్‌పోర్టు అప్పుడే ఏజెంటు దగ్గర ఉంది, సాయంత్రానికి మాట చెప్పాలి. పోయినసారి దుబాయ్ నుంచి వస్తే కన్నకూతురు బావను అంకుల్ అంది. అక్క అది మరిచిపోలేదు.

ఎనిమిదిన్నరకు నిజామాబాద్‌లో దిగి, బస్టాండ్ దగ్గర ఒక మెకానిక్‌కు చూపించాం. చుట్టూ ఒకసారి తిరిగి "కోసుడే అన్నా" అన్నాడు. మేం ఇడ్లీ తిని బోధన్ బస్సెక్కాం. ఇడ్లీ ఫర్వాలేదు, చట్నీ జోలికి పోకండి.

పక్కసీట్లో ఉల్లిగడ్డల మూటతో ఒక అవ్వ. "ఏంది కొడుకా, బోరు మోటరా?"

"పడవదవ్వా" అన్నాడు బావ.

"బోధన్‌ల పడవ ఏడ నడుపుతరు?"

బావ కిటికీలోంచి చెరుకు తోటలు చూశాడు.

బోధన్ నుంచి ఆటోలో సుబ్బారావు గారి పొలానికి వెళ్లాం. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద సేద్యం చేసుకుంటున్న కుటుంబం. ఈ మోటారును కోస్తాలో ఉన్న తన బావమరిది దగ్గర బావకు ఇప్పించింది ఆయనే. "సముద్రంలో తిరిగింది బాబూ, ఉప్పు పట్టుంటుంది" అన్నారు. ఆ మాట కొన్నప్పుడు చెప్పలేదు.

ట్రాక్టర్ల షెడ్డులో చైన్‌పుల్లీ ఉంది. ఇంజనును దానికి కట్టి, కాలును కిందికి వేలాడేశారు. సందులో నూనె పోసి, చెక్కసుత్తితో చుట్టూ మెల్లగా తట్టారు. కదల్లేదు. బావకు ఓపిక పోయి ఇనుపసుత్తి అందుకున్నాడు.

"కొట్టకయ్యా! కొడితే అది పగుల్తుంది, నువ్వు దుబాయ్ పోతావు, మీ ఇంట్లో నా మాట పోతుంది. దాని బరువే దాన్ని లాగుతుంది. భోంచేద్దాం రండి" అన్నారు సుబ్బారావు గారు.

కింద చెరుకు చెత్త పరిచి లోపలికి వెళ్లాం. గోంగూర పప్పు బాగుంది. బావ తినలేదు, కలిపాడంతే. బావ ఫోన్ మోగింది, ఏజెంటు. బావ దాన్ని బోర్లా పెట్టాడు. మళ్లీ మోగింది. రెండోసారి పెరుగు వడ్డిస్తుండగా షెడ్డులో ధబ్‌మని చప్పుడు.

బావ ఎంగిలి చేత్తోనే పరిగెత్తాడు. కాలు చెత్తలో పడి ఉంది, ఇరుసు దానితోనే ఉంది. పైన ఇంజను ఒక్కటే నిమ్మళంగా ఊగుతోంది. సుబ్బారావు గారు ఇరుసు మీది తెల్లటి పొడిని వేలితో తీసి నాలుకకు రాసుకుని, ఉమ్మి, "మావాళ్ల ఊరి ఉప్పే" అన్నారు. బావ ఎంగిలి చేత్తోనే ఏజెంటుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఊడింది. నా పాస్‌పోర్ట్ వాపస్ ఇయ్యి."

తిరుగు బస్సులో పొద్దుటి కండక్టరే. "పొద్దుగాల ఒక్కటే ఉండె గదన్నా?" అని రెండు లగేజీ టికెట్లు కొట్టాడు. అన్నిటికీ సణిగే బావ రెండింటికీ తనే డబ్బులు తీసిచ్చాడు. నాకు మనసు తేలికైంది. ఈ దారిన వెళ్లేవాళ్లకు చెప్పేదొక్కటే, పొద్దున్నే బయల్దేరండి, సుత్తి తీసుకెళ్లకండి.

చీకటి పడే వేళకు నందిపేట్‌లో దిగితే అక్క బస్టాండ్‌లో నిలబడి ఉంది. అక్కకు ఫోన్ నేను చేశానని బావ, బావ చేశాడని నేను అనుకున్నాం. పొద్దంతా ఆమెకు ఫోన్ రాలేదు. మా ముఖాలు చూడలేదు. బస్సులోంచి దిగుతున్న మూటలనే చూసింది.

"రెండా?" అంది.

అక్కడే సిమెంటు బెంచీ మీద కూలబడి ఏడ్చేసింది. బావ రెండు మూటలూ ఆమె పక్కన దించాడు.

"ఏడువకే" అన్నాడు. "ఇంక బిగించుడున్నది."