ఎర్రకోనలో అమ్మ మిద్దె

నీకు కొండ నడకంటే ఇష్టమేనా అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. కొండంటే ఎవరికి ఇష్టం ఉండదు? కొండకు వచ్చే జనమే నాకు పడదు. ఒకడు తాగిన సీసాను బండకేసి కొట్టి పోతాడు. ఇంకొకడు తన పేరూ తాను మోజుపడ్డ పిల్ల పేరూ తెల్లరంగుతో రాసి పోతాడు. ఒకామె బిడ్డకు ముడ్డి కడిగి ఆ గుడ్డను బలుసుచెట్టుకు తగిలించి పోతుంది. థూ! ఆ గుడ్డ పక్కనే నిలబడి పళ్ళికిలిస్తూ ఫొటో దిగేవాళ్ళను చూస్తే ఇంకా రోత.

మా ఊరు గోరంట్ల దాటి కదిరి వైపు వస్తుంటే తగులుతుంది. ఊరి వెనక శెనక్కాయ చేలు. అవి దాటితే ఎండిపోయిన వంక. ఆ వంక వెంటే పోతే ఎర్రకోన. రెండు పక్కలా ఎర్రబండలు గోడల్లా లేచి ఉంటాయి. కింద అంతా నున్నటి బండే కాబట్టి అడుగుల జాడ పడదు. దారి ఇదీ అని కంటికి కనిపించదు. కొంత దూరం పోయాక కోన రెండుగా చీలుతుంది. ఎడమ చీలికలో పోతే తుమికి, చండ్ర చెట్ల మధ్య పైకెక్కి దోన దగ్గరికి చేరతాం. దోన అంటే రాతిలో తనంతట తానే ఏర్పడిన నీళ్ళ గుంత. చుట్టుపక్కల బావులన్నీ ఎండినా అందులో నీళ్ళుంటాయి. దోన దాటితే అడవి. కుడి చీలికలో పోతే మాత్రం ఏమీ లేదు. లోపల పక్క సందులున్నా, ఏ సందులోకి పోయినా మూడు దిక్కులా గోడలే. మిట్టమధ్యాహ్నం అక్కడ చీమకు కూడా నీడ దొరకదు.

ఆ రెండింటికీ తేడా తెలియడానికి మేకల కాపరులు ఎప్పటినుంచో రాయి మీద రాయి పెట్టి గుర్తులు ఉంచేవాళ్ళు. నాయన ప్రతి ఎండాకాలం మేకలను తోలుకొని అడవికి పోయి, తొలి వానకు తిరిగి వచ్చేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట ఒకసారి పోయాను. "దారి నువ్వు వెతకద్దు పాపా, రాయే చూపిస్తాది" అన్నాడు. పడిపోయిన గుర్తు కనిపిస్తే ఏ కాపరీ దాన్ని నిలబెట్టకుండా పోయేవాడు కాదు. పడగొట్టిన కోతినో గాలినో తిట్టుకుంటూనైనా నిలబెట్టేవాడు.

తొంభైల చివర్లో, కోన మొదట్లో ఉన్న గవిలోకి ఒక సాధువు వచ్చి కూర్చున్నాడు. మా వైపు గుహను గవి అంటాం. ఆయన ఎన్నాళ్ళో లేడు, చెప్పాపెట్టకుండా ఎటో పోయాడు. జనం మాత్రం ఆ గవినే గుడి అనుకొని వస్తూనే ఉన్నారు. టెంకాయల అంగడి వచ్చింది, టీ అంగడి వచ్చింది, కదిరి నుంచి జీపులు వచ్చాయి. ఇల్లు లేనివాళ్ళు వేరేచోట్ల కొండ మీది దేవుడి దగ్గర రాళ్ళు పేర్చి, ఇల్లు ఇప్పించమని మొక్కుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఒక జీపు డ్రైవరు ఆ మొక్కును తెచ్చి మా కోనలో పెట్టాడు. "ఎన్ని అంతస్తులు పేరిస్తే అన్ని అంతస్తుల ఇల్లు వస్తాదన్నా! రాకపోతే నా చెవి కోసుకో!" అని దిగినవాడికల్లా చెప్పేవాడు. వాడికి సొంత ఇల్లు ఉందా అని ఒక్కరైనా అడిగిన పాపాన పోలేదు.

ఇక మా అమ్మ. అమ్మకు మిద్దె పిచ్చి. మాది బోదగడ్డి కొట్టం. తలుపు కూడా లేదు, తడికే. గట్టిగా గాలి వస్తే కప్పును ముగ్గురం పట్టుకొని కూర్చోవాలి. అమ్మ అడిగింది మేడ కాదు. తల మీద రాతి కప్పు, దాని మీద మిరపకాయలు ఆరబోసుకోవడానికి జాగా, అంతే. డ్రైవరు మాట చెవిన పడ్డ మొదటి ఏడాదే నన్ను వెంటబెట్టుకొని కోనకు పోయింది. గవి ముందు సందు లేకపోతే లోపలికి నడిచి, చీలిక దగ్గర కుడివైపు బండను కొంగుతో తుడిచి, నాలుగు పక్కలా నాలుగు రాళ్ళు నిలిపి, పైన పలక కప్పింది.

"మిద్దె అంటే ఇట్లుండల్ల" అంది, వెనక్కి జరిగి చూసుకుంటూ.

"బాగుండాది గాని తలుపు యాడమ్మా?" అన్నాను.

"వచ్చినాక పెట్టుకుందాం లే. నోరు ముయ్యి."

నేను పగలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

రెండు వేల సంవత్సరం దాటాక వానలు వరుసగా మొండిచెయ్యి చూపాయి. వానలు లేకపోయినా కోనలో ఇళ్ళు మాత్రం మొలుస్తూనే ఉన్నాయి. ఒక ఏడాది పశువులకు దారిలో మేత దొరకదని నాయన మేకలను తనకల్లు వైపు నుంచి చుట్టి తోలుకుపోయాడు. ఆ ఏడాది కోన ఏ గతి పట్టిందో ఆయన చూడలేదు. మామూలుగా ఆయనకు తిండి మోసుకుపోయే మా పెదనాయన ఆ ఏడాది కూలి పనికి బెంగుళూరు పోయాడు. అమ్మ గవి దాటి, చీలిక దాకా తప్ప ముందుకు ఎప్పుడూ పోలేదు. "గుర్తురాళ్ళు చూసుకుంటా రాండి, యాడికీ తప్పరు" అని చెప్పిపోయాడు నాయన.

అట్లా అమ్మా నేనూ సంగటి ముద్దలు, ఊరుబిండి పచ్చడి మూటగట్టుకొని పొద్దున్నే బయలుదేరాం. గవి దగ్గరికి రాకముందే గబ్బు కొట్టింది. కుళ్ళిన టెంకాయలు, పులిసిన అన్నం పొట్లాలు, బండ పొడుగునా మనుషులు కూర్చొని పోయిన గుర్తులు. అడుగు వెయ్యడానికి జాగా వెతుక్కోవాల్సి వచ్చింది. దేవుడి దగ్గరికని వచ్చి దేవుడి వాకిట్లోనే కూర్చుంటారా! అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "ఏం జనం పాపా, వీళ్ళ మొగాలు మండ" అంది.

ముక్కు మూసుకొని దాటాం. ఇక చూస్తే ఎక్కడ చూసినా రాళ్ళ ఇళ్ళే. ఒకంతస్తువి, మూడంతస్తులవి, ప్రహరీగోడలున్నవి, ముందు కారు పెట్టుకునే షెడ్డు కూడా ఉన్నవి. చీలిక దగ్గర అమ్మ ఆగిపోయింది.

"పాపా, చూస్తివా! నా మిద్దె చెక్కుచెదరల్యా!"

నిజంగానే చెదరలేదు. అక్కడి నుంచి కుడి చీలికలోకి రాయి మీద రాయి, రాయి మీద రాయి, ఒకటే వరుస. ఎడమవైపు బండ బోసిగా ఉంది. అక్కడ ఉండాల్సిన గుర్తురాళ్ళను ఎవడో మహానుభావుడు పీక్కుపోయి తన మేడకు వాడుకున్నాడని మాకేం తెలుసు? నేను చిన్నప్పుడు చూసిన దారి నాకు గుర్తు లేదు. అమ్మ తన మిద్దెను ఒకసారి నిమిరి, ఆ వరుస పట్టుకొని కుడివైపు నడిచింది. నేను ఆమె వెనకే నడిచాను.

ముందుకు పోయేకొద్దీ గోడలు దగ్గరపడ్డాయి. రాళ్ళ ఇళ్ళు పలచబడ్డాయి గాని ఆగలేదు. ఎవడో ఓపిక ఉన్నవాడు అంత లోపల కూడా కట్టి పోయాడు. చివరి ఇంటి తర్వాత ఎర్రగోడ. వెనక్కి తిరిగాం. తిరిగి వస్తుంటే పక్క సందుల్లో కూడా అవే రాళ్ళు. ఏ సందులోంచి వచ్చామో తెలియలేదు. ఒక సందులోకి పోతే మళ్ళీ గోడ. సీసాలో నీళ్ళు అయిపోయాయి. బండ పెనంలా కాలింది. అమ్మ మొదట కూర్చుంది, తర్వాత ఒరిగింది. పెదాలు పగిలాయి. తెలివి తప్పుతూ, "మేకలు లోపలికొచ్చినాయా?" అని నన్ను అడిగింది. అమ్మ నా చేతుల్లోనే పోతుందనుకున్నాను. ఆమె మీదికి నా నీడ పడేట్టు నిలబడి గొంతు చిరిగేలా అరిచాను. చుట్టూ వందల ఇళ్ళు, పలికే మనిషి ఒక్కడూ లేడు.

తిండి ఎందుకు రాలేదో చూద్దామని నాయన అప్పటికే దోన దిగి వస్తున్నాడట. కోనలో అరుపు దూరం పోతుంది. గోడ పైన ఆయన తల కనిపించినప్పుడు నేను ఏడవలేదు, తిట్టాను. ఏం తిట్టానో గుర్తు లేదు. ఆయన పక్క వారగా దిగి వచ్చి, అమ్మ మొహం మీద నీళ్ళు చల్లి, పైటకొంగు తడిపి పెదాల మీద పిండి, వీపున వేసుకొని దోన దాకా మోశాడు. దోనలో నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆ జనానికి దారి దొరకలేదు కాబట్టి అదొక్కటే బతికిపోయింది. అమ్మకు తెలివి వచ్చాక నాయనను మొదట అడిగిన మాట, "సంగటి తిన్నావా?" అని.

అమ్మ కోలుకున్నాక నాయన మేకలను తోటి కాపరులకు అప్పగించి వచ్చాడు. ముగ్గురం మళ్ళీ కోనకు పోయాం. అంతా కళ్ళారా చూసి నాయన తల పట్టుకున్నాడు.

"ఇది కోనా, ఇటికెల బట్టీనా? కాపరోళ్ళ దారి మింద ఇండ్లు కట్టినారు గదప్పా!"

ఇక మొదలుపెట్టాడు. కుడి చీలిక లోపలి నుంచి ఒక్కొక్క ఇంటినీ కాలితో తన్నుకుంటూ వచ్చాడు. నేనూ తన్నాను. నిజం చెప్పాలంటే హాయిగా ఉండింది. మూడంతస్తుల మేడలు దొర్లిపోతుంటే నాలో పేరుకున్న రోత కొంచెం కొంచెం దిగింది. చీలిక దగ్గరికి వచ్చేసరికి మిగిలింది ఒక్కటే. అమ్మ మిద్దె. కుడివైపు వరుసకు అదే మొదటిది. దాన్ని చూసే వెనక వచ్చినవాళ్ళంతా ఒకరి పక్కన ఒకరు కట్టుకుంటూ పోయి ఉంటారు.

నాయన కాలు ఎత్తి దించేశాడు. "ఇది ఉండనీలే" అన్నాడు, మావైపు చూడకుండా.

"ఉంటే రేపు ఇంగొకతి నా మాదిరే పోతాది" అంది అమ్మ. కింద కూర్చొని ముందు పైపలక తీసి పక్కన పెట్టింది. తర్వాత నాలుగు రాళ్ళూ ఒక్కొక్కటే పడుకోబెట్టింది. తన్నలేదు.

ఎడమవైపు గుర్తులు నిలబెడుతుండగా ఒక జంట వచ్చింది. ఆ పిల్ల చేతిలో అప్పటికే ఏరుకున్న రాళ్ళున్నాయి. సరిగ్గా చీలిక మధ్యలో కూలబడి పేర్చబోయింది. నాకు చిర్రెత్తింది. నాయన నోరు తెరవబోతే అమ్మ ఆయన చెయ్యి పట్టి లాగింది.

"ఈడొద్దు తల్లీ" అంది ఆ పిల్లతో. "ఈ బండ అచ్చిరాదు. ఆ గవి పక్కన మిట్ట ఉండాది చూడు, ఆడ కట్టుకోండి. ఆడయితే వస్తాది."

"బాడిగింట్లో పడలేక సస్తాండామమ్మా" అంది ఆ పిల్ల. "నిజంగా వస్తాదా? నీకెట్ల తెలుసు?"

"నేను కట్టినా గదా."

"వచ్చిందా ఇల్లు?"

అమ్మ కాళ్ళ దగ్గర ఆమె రాళ్ళే పడి ఉన్నాయి.

"వచ్చింది" అంది. "రాతి మిద్దె. పైన మిరపకాయలు ఆరబోసుకునేకి జాగా కూడా ఉండాది." నా వైపు ఒక్క క్షణం చూసి, "తలుపు కూడా పెట్టుకుంటిమి" అంది.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. అమ్మ రెండు చేతులూ పట్టుకొని కళ్ళకద్దుకుంది. ఇల్లు వచ్చిన చెయ్యి కాబట్టి తొలి రాయి నువ్వే పెట్టాలని పట్టుబట్టింది. అమ్మ కాదనలేదు. వాళ్ళ వెంట మిట్ట దాకా ఎక్కి, ఒక రాయి తీసుకొని, కదలకుండా రెండు మూడుసార్లు సర్ది మరీ పెట్టింది. అది చూసిన జీపు డ్రైవరు ఆ రోజు నుంచి కోన లోపలి బండ అచ్చిరాదని, మిట్ట మీదే కట్టాలని ఊరూరా చాటాడు. కాపరుల దారి మీద మళ్ళీ ఎవరూ కట్టలేదు.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా అదే గబ్బు, అవే సీసా పెంకులు. ఊరికి వచ్చాక అమ్మ మా కొట్టం తడిక పక్కకు జరిపి, వంగి లోపలికి పోయింది.