ఐ తర్వాత వెర్బ్ ఏది?

చాయ్ తాగుకుంట నవ్వితే పొలమారుతది, ముందుగాల గ్లాసులు కింద పెట్టుండ్రి. పోయిన నెల రెండు వందల మంది ముందట, మైకుల, నా ఇజ్జత్ నేనే తీసుకున్న.

మా అక్క మొగుడు అచ్చంపేట దిక్కు ఒక సర్కారు బడికి హెడ్మాస్టరు. "బామ్మర్దీ, మండలం క్విజ్ మా బడిల పెట్టినం. గెలిచినోళ్లు జిల్లాకు పోతరు. క్విజ్ మాస్టర్‌గ నువ్వు రావాలె" అని ఫోన్ జేసిండు. నల్గొండ కోచింగ్ సెంటర్ల ఇంగ్లీషు, జీకే చెప్పెటోన్ని. రానంటనా? గంత ఎండల బ్లేజర్ ఏసుకొని పోయిన! స్టేజీ మీద నిలవడ్డ. ఉప్పేసిన దోసకాయ లెక్క చెమట కార్తాంది గని, బటన్ ఇప్పలే.

ఆఖరికి రెండు టీములు సమానమైనయి. టైలు కట్టుకున్న ప్రైవేటు బడి పోరగాండ్లు ఒకదిక్కు, మా బావ బడి పిల్లలు ఒకదిక్కు. ఒక్క ప్రశ్నతోని తేలాలె. నెట్‌ల ఏరి తెచ్చిన ప్రశ్న తీసిన.

"లీమర్ అని కోతి అసొంటి జంతువు ఉంటది. దాంట్ల ఒక అరుదైన రకం పేరు, ఓడల కెప్టెన్ ఆర్డరిస్తే నావికుడు చెప్పే జవాబు, రెండూ ఒకటే మాట. ఏంది?"

టైల పోరగాడు లేచి "ఓకే సార్" అన్నడు. ఓకే అనే కోతి ఏడుంటదిరా!

ఇటు దిక్కు శ్రావణి అని తొమ్మిదో తరగతి పిల్ల లేచింది. "ఐ, ఐ" అన్నది.

నేను నవ్విన. చూడుండ్రి, నాకు బుద్ధి ఎంతున్నదో! "ఐ తర్వాత వెర్బ్ రావాలె బిడ్డా. ఐ డోంట్ నో అను, సిగ్గెందుకు?"

హాలంత గొల్లుమన్నది. ఆ పిల్ల కూసోలే. "అంతే సార్. ఐ ఐ."

"టైమ్ అప్! అడివి పక్కపొంటి ఉంటరు, ఒక్క జంతువు పేరు తెల్వదా?" అన్న. ఆ జంతువు ఉండేది మడగాస్కర్‌ల! మన నల్లమలల ఏడికెల్లి వస్తది? గది గూడ సోంచాయించలే. కార్డు పైకెత్తి గొంతు సవరించుకొని చదివిన: "కరెక్ట్ ఆన్సర్... ఆయే ఆయే!"

ఎనుక వరుసల ఒకాయన లేచిండు. ఆ పిల్ల నాయిన. గొర్లను వేరేటోళ్లకు అప్పజెప్పి వచ్చిండట. "సారూ, నా బిడ్డ జవాబు చెప్పింది. మీరే ఇంటలేరు."

"పెద్దమనిషీ, ఇది జనరల్ నాలెడ్జ్. మీరు కూసోండి" అన్న.

ఆయన కూసున్నడు. శ్రావణి కండ్లల్ల నీళ్లు తిరిగినయి గని నోరు ఊకోలే. సక్కగ బోర్డు కాడికి పోయి, చాక్‌పీస్ తోని పెద్దగ రాసింది. ఏ, వై, ఇ. అడ్డగీత. మళ్ల ఏ, వై, ఇ. నా కార్డు మీద ఉన్నది అక్షరం పొల్లు పోకుంట గదే!

అప్పుడన్న నోరు మూసుకోవాలె గద? మూసుకోలే. "స్పెల్లింగ్ కరెక్టే. పలుకుడు తప్పు" అన్న.

మా బావ ఫోన్ తీసి, ఆ మాట కొట్టి, మైకుకు ఆనిచ్చిండు. ఫోన్ల ఆడమనిషి గొంతు నిమ్మళంగ చెప్పింది: "ఐ ఐ."

"నెట్‌వర్క్ సక్కగ లేనట్టుంది బావా" అన్న. నిజంగ గట్లనే అన్న!

మళ్ల పెట్టిండు. ఆమె మళ్ల గదే చెప్పింది. ఈసారి హాలు నవ్వింది చూడు, నా బ్లేజర్ లోపలికెల్లి ఎముకలు గూడ ఇన్నయి. టైల పోరగాండ్లు బెంచీలు గుద్దవట్టిరి.

చేతులు జోడించి "బిడ్డా, తప్పు నాది. గెలుపు నీది" అన్న. ఆ పిల్ల కండ్లు తుడ్సుకొని, "పర్వాలేదు సార్. లైబ్రరీ పుస్తకంల చూసినప్పుడు నేను గూడ గట్లనే చదివిన. తర్వాత మా మేడంను అడిగి తెలుసుకున్న" అన్నది. ఓదార్చుతాంది! గా పిల్లకు తెలుసుకోవాలనే సోయి ఉన్నది. ఎమ్మే ఇంగ్లీషు చదివిన నాకు లేకపాయె.

దిగి వస్తుంటే వాళ్ల నాయిన ఎదురొచ్చి మంచినీళ్ల బాటిల్ ఇచ్చిండు. "సారూ, చెమటలు వడుతున్నయి, ఆ కోటు ఇప్పరాదు" అన్నడు. ఎక్కిరింపు లేదు, ఏం లేదు. గదే ఎక్కువ తగిలింది.

పదిరోజులకు మా బావ మళ్ల ఫోన్. "జిల్లా క్విజ్ ఉన్నది, శ్రావణి పోతాంది. నువ్వు గూడ రా."

మొఖం ఎలిగింది నాకు. "క్విజ్ మాస్టర్‌గనా?"

"కాదు. టైమైనంక బెల్లు కొట్టాలె. నోటితోని పని లేదు."

పోయిన. మస్తు కొట్టిన. ఒక్కటి గూడ తప్పు పోలే!