బావ సైకిల్ కోసం గుంటూరు దాకా

గుంటూరులో మీ వాళ్ళ సైకిల్ ట్రాఫిక్ పోలీసుల దగ్గర ఉండిపోతే ఏ బస్సెక్కాలో, స్టేషన్లో ఎలా మాట్లాడకూడదో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. నేను వెళ్ళి చాలా ఏళ్ళయింది. సెల్‌ఫోన్లు అప్పటికింకా మా బోటివాళ్ళ చేతికి రాలేదు. అద్దంకిలో నాకు సైకిల్ షాపు ఉంది. ఫిబ్రవరి నెలలో ఒక సాయంత్రం మా అక్క గుంటూరు నుంచి మా ఎదురు ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసింది.

"మీ బావ సైకిల్ పోలీసులు పట్టుకుపోయార్రా మస్తానూ. మూడు రోజులైంది. పనికి పోడు, అన్నం సరిగ్గా తినడు. నీకు సైకిళ్ళ సంగతి తెలుసు, నోరు కూడా ఉంది. రా" అంది.

మా బావ పేరు సైదులు. పరుపుల పని చేస్తాడు. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇస్తాడు. మనిషి నిలువుకన్నా పొడుగుండే దూదేకే విల్లు సైకిల్‌కి కట్టుకుని గుంటూరు వీధులన్నీ తిరుగుతాడు. సైకిల్ లేకపోతే విల్లు కదలదు, విల్లు కదలకపోతే మా అక్క ఇంట్లో పొయ్యి వెలగదు. నాకు ఒళ్ళు మండిపోయింది. లారీలను వదిలేసి, పరుపులు కుట్టుకునేవాడి మీదా వీళ్ళ ప్రతాపం?

పొద్దున ఐదున్నరకి నరసరావుపేట మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాను. మీరు వెళ్తే ఎడమ పక్క కూర్చోండి, ఎండ పడదు. నేను కుడి పక్క కూర్చుని, ఆ ఎండకి మరింత మండిపోయాను. పోలీసులతో ఏం మాట్లాడాలో దారి పొడుగునా లోలోపల అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. ఒకచోట పైకే అనేశానేమో, సంతమాగులూరులో ఎక్కిన మిర్చి రైతు నా మొహంలోకి చూశాడు. ఒళ్ళో గుడ్డసంచి నిండా శాంపిల్ కాయలు పెట్టుకున్నాడు. సంగతి చెప్పాను.

"సైకిలోళ్ళ మీదేనయ్యా ఆళ్ళ జోరంతా. నువ్వు మాత్రం తగ్గబాక" అన్నాడు.

ఏడుంపావుకి నరసరావుపేట వచ్చింది. పది నిమిషాలు ఆపారు. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నీళ్ళలా ఉంది. నిలబడే తిన్నాను. బస్సు తిరిగి కదిలేసరికి మా ముందు సీట్లో ఒక టీచరమ్మ కూర్చుంది. ఫిరంగిపురంలో చర్చి పక్క బడిలో పనిచేస్తుందట. మా మాటలు విని ఊరుకోలేదు.

"అలా అనకండి. మా పిల్లలు రోజూ రోడ్డు దాటాలి. ఇంటికెళ్ళేదాకా నాకు గుండె దడే. ఇంతకీ మీ బావగారిని ఎందుకు పట్టుకున్నారు?"

"ఎందుకేమిటండీ! సైకిలోడు దొరికాడు, పట్టుకున్నారు" అన్నాను. నిజానికి నేను మా అక్కని ఆ మాటే అడగలేదు. ఫిరంగిపురం రాగానే ఆవిడ దిగిపోయింది. ఆవిడ మీద కూడా కోపం వచ్చింది నాకు.

గుంటూరు దగ్గరపడగానే మిర్చి ఘాటుకి బస్సంతా తుమ్ములు. తొమ్మిది దాటాక బస్టాండులో దిగాను. అక్క పంపిందట, బావ అక్కడే నిలబడి ఉన్నాడు. గడ్డం మాసిపోయి ఉంది. నన్ను చూసి సంతోషించకపోగా, "ఎందుకొచ్చావురా, షాపు మూసుకుని" అన్నాడు.

"నువ్వు నోరెత్తకు బావా. నేను మాట్లాడతాను" అన్నాను.

స్టేషన్‌కి నడిచే వెళ్ళాం. పావుగంట దారి. బావ మధ్యలో రెండుసార్లు ఆగి, "మస్తానూ, వద్దులే, పోదాం పద" అన్నాడు. భయపడుతున్నాడనుకుని రెక్క పట్టుకు లాక్కెళ్ళాను.

ఆవరణలో గోడవారన పట్టుకొచ్చిన సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వేపచెట్టు కింద బల్ల వేసుకుని ఒక హెడ్ కానిస్టేబుల్ కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, తల నెరిసింది. నేను దారంతా అప్పజెప్పుకున్నది మొత్తం ఆయన ముందు దించేశాను. లారీల సంగతి, పెద్దల కార్ల సంగతి, పేదవాడి పొట్ట సంగతి, అన్నీ. చివర్న, "ఏ రూలు కింద పట్టుకున్నారో చూపించండి" అన్నాను.

ఆయన అంతా విన్నాడు. "అయిపోయిందా? ఆ చివర ఉంది చూడు మీ బావ సైకిల్. ఎక్కి ఒక రౌండు కొట్టి, ఇదిగో ఈ సున్నం గీత దగ్గర ఆపు. ఆపగలిగితే ఇప్పుడే తోలుకుపో" అన్నాడు.

ఓస్, ఇంతేనా అనుకున్నాను. వెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాను. పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ సైకిల్‌కి బ్రేకులు లేవు. తీసినవాణ్ణి నేనే. కిందటేడు బావ అద్దంకి వచ్చినప్పుడు విల్లు కట్టడానికి బ్రేకు రాడ్లు అడ్డొస్తున్నాయని నేనే విప్పేసి, హ్యాండిల్‌కి నా చేత్తో గుడ్డపట్టీ చుట్టాను. మా వైపు అందరూ అంతే. పత్తి బోరాలు, మిర్చి మూటలు వేసుకోవాలంటే ముందు బ్రేకులు, మడ్‌గార్డులు పీకించేస్తారు. ఎగుడుదిగుళ్ళు లేని నేల, బండి దానంతటదే ఆగుతుంది. "గుంటూరులో ఆపాలి కదరా" అని బావ నసిగాడు ఆ రోజు. "కాళ్ళకి చెప్పులున్నాయిగా బావా" అని నేనే ఎగతాళి చేశాను. ఆ మాటతో సహా గుర్తొచ్చింది.

వెనక్కి తగ్గడానికి లేదు. నలుగురు కానిస్టేబుళ్ళు చూస్తున్నారు. ఎక్కి తొక్కాను. గీత దగ్గర చెప్పుకాలు ముందు టైరుకి ఆనించాను. చెప్పు జారింది. గీత దాటి, బల్ల పక్కనుంచి పోయి, సైకిళ్ళ గుట్టలో పడ్డాను. అందరూ నవ్వారు, హెడ్ కానిస్టేబుల్ తప్ప.

"సిగ్నల్ దగ్గర మీ బావకీ ఇట్టాగే జారింది. విల్లు చివర తగిలి రోడ్డు దాటే ఒకావిడ బస్సు ముందు పడింది. బస్సుకి బ్రేకులున్నాయి కాబట్టి బతికింది. మోచెయ్యి గీరుకుని లేచిపోయింది. మేం ఫైన్ రాసి, నడిపించుకుపోయి బ్రేకులు వేయించుకోమన్నాం. మీ బావే వణుకుతూ నాకొద్దు సార్ అని, ఇక్కడ స్టాండేసి వెళ్ళిపోయాడు. మేం పట్టుకోలేదయ్యా" అన్నాడు. తర్వాత, "ఇంతకీ బ్రేకులు పీకిందెవడు?" అని అడిగాడు.

బావ నేల చూపులు చూస్తున్నాడు. నేనేం అన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"ఎవడో పల్లెటూరి మెకానిక్ సార్."

"నువ్వేం చేస్తుంటావ్?"

"సైకిల్ షాపే సార్."

"అయితే వాడికి నువ్వే చెప్పు. తోటివాడివి, నీ మాట వింటాడు."

సంతకం పెట్టించుకుని పదకొండింటికల్లా సైకిల్ ఇచ్చేశారు. మీరు వెళ్ళినా అంతే, మర్యాదగా అడిగితే అరగంట పని. పట్నంబజారులో బ్రేకు సెట్టు కొన్నాను. పొన్నూరు రోడ్డు పక్క సందులో, అక్కావాళ్ళ ఇంటి ముందే కూర్చుని బిగించాను. బావ పక్కన నిలబడి స్పానర్ అందిస్తూనే ఉన్నాడు గానీ ఎక్కి చూడమంటే ఎక్కలేదు.

అన్నం పెడుతూ అక్క అడిగింది, "ఎందుకు పట్టుకున్నారంట?"

"బ్రేకుల్లేవంట" అన్నాను, పళ్ళెంలోకి చూస్తూ.

అంతే, అక్క బావ మీద విరుచుకుపడింది. "బ్రేకుల్లేకుండా ఊరి మీద పడ్డావా? ఎవడో దారినపోయే మెకానిక్‌కిచ్చి పీకించుకున్నావా? బుద్ధుండక్కర్లా? ఇక సైకిల్ ముట్టుకోబాక. ఏదైనా కొట్లో కూలికి పో."

బావ తలొంచుకుని, "పొరపాటైందిలే" అన్నాడు. గోంగూర పచ్చడి నాకు ఎంతో ఇష్టం. పళ్ళెంలో ఓ పక్కకి నెట్టేసి చెయ్యి కడుక్కున్నాను.

మూడున్నరకి అద్దంకి బస్సెక్కాను. కూర్చోలేకపోయాను. సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఏం బాబూ, కూర్చోవా అని కండక్టరు రెండుసార్లు అడిగాడు. బావ ఆ తిట్లు తింటూ ఒక్కసారైనా నా వైపు చూడకపోవడమే నన్ను తినేస్తోంది. చూస్తే బాగుండేది. చూసి ఉంటే ఇంత మంట ఉండేది కాదు. ఫిరంగిపురంలో బస్సు ఆగగానే దిగిపోయి, రోడ్డు దాటి, ఎదురొచ్చిన గుంటూరు బస్సెక్కాను.

ఆరు కాకముందే మళ్ళీ వాళ్ళ గుమ్మంలో ఉన్నాను. అక్క బియ్యం ఏరుతోంది. బావ గోడకి ఆనించిన విల్లు పక్కన ఊరికే కూర్చుని ఉన్నాడు.

"అక్కా, బ్రేకులు పీకింది ఎవడో కాదు. నేనే. బావ వద్దంటే ఎగతాళి కూడా చేశాను. స్టేషన్లోనూ అబద్ధం చెప్పాను."

అక్క చాట కింద పెట్టింది. "ఇందాక అన్నం పెడుతుంటే నోరు పడిపోయిందా నీకు?" అని అరిచి, బావ వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పొచ్చు కదయ్యా! అన్ని మాటలంటుంటే బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటావా?"

బావ మెల్లిగా అన్నాడు. "చెప్తే మనవాళ్ళెవరన్నా వాడి షాపు గడప తొక్కుతారా? నాకంటే వీధులున్నాయి. వాడికి ఆ ఒక్క షాపేగా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. అక్క ఇంకా రెండు తిట్టి, ఆ రాత్రికి ఉండమంది.

పొద్దున్నే బావ నన్ను సాగనంపడానికి సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. సందు చివర ఆగి, బ్రేకు రెండుసార్లు నొక్కి చూసుకుని ఎక్కాడు. పది గజాలు పోయి ఆపాడు. మళ్ళీ పది గజాలు, మళ్ళీ ఆపాడు. బస్టాండు దాకా అలాగే వచ్చాడు, నేను పక్కన నడుస్తూ వచ్చాను. వెనక రిక్షావాళ్ళు తిడుతున్నా పట్టించుకోలేదు. బస్టాండు దగ్గర దిగి, "గట్టిగానే పట్టుకుంటున్నాయిరా" అన్నాడు.

ఏడు గంటల బస్సు. గుంటూరు ఎలా ఉందని అడిగితే నేను చెప్పలేను. రెండు రోజులూ నాకు కనబడ్డవి హ్యాండిళ్ళే. తిరుగుదారిలోనూ అంతే. నరసరావుపేట దాటాక కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిర్చి ఉంది, మరెప్పుడైనా అయితే కళ్ళార్పకుండా చూసేవాణ్ణి. ఇప్పుడు రోడ్డు మీద సైకిల్ కనబడితే చాలు, బ్రేకులున్నాయా లేవా అని మెడ చాపడమే. చాలావాటికి లేవు. అందులో నా చేత్తో తీసినవి ఎన్నో నాకే తెలీదు.

అద్దంకి ఇంకా రెండు మైళ్ళుందనగా, మలుపులో మా బస్సుకి ఎదురుగా ఒక సైకిల్ వచ్చింది. వెనక రెండు మిర్చి మూటలున్నాయి. డ్రైవరు హారన్ మోగించాడు. అతను ఆగలేదు, ఆగలేడు. రోడ్డు దిగి, పీకకుండా వదిలేసిన పత్తి కట్టెలోకి మూటలతో సహా వెళ్ళి పడ్డాడు. బస్సు కీచుమని ఆగింది. "చావడానికి నా బస్సే దొరికిందంట్రా!" అని డ్రైవరు కేకలు. బస్సులో కొందరు నవ్వారు. నేను దిగి పరిగెత్తాను.

పత్తి కట్టెలోంచి లేచి మట్టి దులుపుకుంటున్న ఆ మనిషి నా షాపులోనే సైకిల్ బాగుచేయించుకునే కోటేశ్వరరావు. మోకాలు చీరుకుంది. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది.

"మస్తానూ, నువ్వా! దేవుడల్లే వచ్చావయ్యా. గొలుసూడిపోయింది, కాస్త చూడు."

"గొలుసు సంగతి తర్వాత. ముందు ఇట్టా కూర్చో, నీకో మాట చెప్పాలి" అన్నాను.